పిచ్చుక మందు

మాత్రలు కల్వంలో పడీ పడగానే మందులక్క చెయ్యి తిరగడం మొదలుపెట్టింది. ముందు పొత్రంతో అదిమి చిదపడం, తరువాత గుండ్రంగా నూరడం, అంచులకు ఎగబాకిన పొడిని పల్చటి బద్దతో మధ్యకు తోయడం, మళ్ళీ నూరడం. ఈ పనిలో ఆమెకు తొందర ఉండదు. పలక మీద చిటికెడు పొడి పరిచి బద్దతో సాపు చేస్తే ఎక్కడా గీత పడకూడదు. పడిందంటే లోపల ఇంకా పలుకు ఉన్నట్టే. పలుకున్న మందు ఒక గుక్కలో ఎక్కువ వస్తుంది, ఇంకో గుక్కలో తక్కువ వస్తుంది. ఈ మందు అలా రావడానికి వీల్లేదు.

మందు పేరు ఫినోబార్బిటాల్. ఆసుపత్రిలో ముద్దుగా ఫినో అంటారు. మెదడులో చెలరేగే అలజడిని అణిచి మూర్ఛ రాకుండా ఆపుతుంది. అణిచే మందు కాబట్టే దానికో గట్టు ఉంది. గట్టుకి ఇవతల పిల్ల ఆడుకుంటుంది. కాస్త అవతల మగతగా తూగుతుంది. మరీ అవతలికి పోతే ఊపిరి తీసుకోవడమే మరిచిపోతుంది. కంపెనీ మాత్రలు పెద్దవాళ్ళ కొలతకు చేసినవి. పాలపళ్ళ పిల్లకు వాటిలోంచి ముక్క తుంచి ఇవ్వడం కుదరదు. నూరి, చిక్కటి పాకంలో కలిపి, సీసాకెత్తాలి. ఆ పని మందులక్కది. ఆసుపత్రి వెనక వైపు గదిలో, ఊచల కిటికీ దగ్గర, తాళం వేసిన బీరువాకి ఎదురుగా ఆమె బల్ల. ఆ బల్ల దగ్గరే ఆమెకు సగం తల నెరిసింది.

ఆ ఉదయం నూరుతున్నది పిచ్చుక కోసం. పిచ్చుక అంటే కిటికీ అవతల బెంచీ మీద తల్లి ఒళ్ళో ఉన్న పిల్ల. అసలు పేరు వేరే ఉంది గానీ తాత పెట్టిన ముద్దుపేరే నిలిచింది. ముందు రోజు మళ్ళీ మూర్ఛ వచ్చిందట. మోతాదు పెంచమని డాక్టరమ్మ చీటీ రాసింది. కొత్త మోతాదు లెక్కన మాత్రలు కల్వంలో పడ్డాయి.

తల్లి బట్టలు కుట్టే కార్ఖానాలో బొత్తాలు కుడుతుంది. పనికి సెలవు పెట్టి వచ్చిన మనిషి. కూర్చున్నచోట కూర్చోలేక లేచి, పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, కిటికీ దగ్గరకు వచ్చింది.

"అక్కా, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ప్రతి సీసా ఒకేలాగే చేస్తావా?"

"ఎందుకమ్మా అలా అడిగావు?"

"సీసా సగమయ్యేసరికి దీనికి ఫిట్స్ వస్తాయి. సీసా అడుక్కి వచ్చేసరికి మెడ నిలపదు, పిలిచినా పలకదు. మళ్ళీ కొత్త సీసా, మళ్ళీ సగానికి ఫిట్స్. ఇదంతా మందు చేసే చెడుపే, మానిపించేద్దాం అని మా ఆయన ఒకటే పోరు."

పొత్రం ఆగిపోయింది.

"మానెయ్యడం మాత్రం చెయ్యకండి. ఈ మందు ఒక్కసారిగా ఆపితే ఉన్న ఫిట్స్‌కి తోడు లేనివి కూడా వస్తాయి. నువ్విక్కడే ఉండు" అని చెప్పి మందులక్క కల్వం మీద మూత పెట్టింది. గదికి తాళం వేసింది. వేసిన తాళాన్ని మళ్ళీ లాగి చూసింది. డాక్టరమ్మ గదికి వెళ్ళే వసారా ఆ రోజు ఆమెకు చాలా పొడుగ్గా తోచింది.

ఒకే సీసాలోంచి పైన తక్కువా అడుగున ఎక్కువా వస్తోందంటే, నూరడంలోనో కలపడంలోనో తన చెయ్యి తప్పి ఉండాలి. ఇప్పుడు మోతాదు పెంచి ఇంకో సీసా అలాగే చేస్తే? ఇన్నాళ్ళూ అడుగుకి వచ్చేసరికి మెడ వాల్చిన పిల్ల, పెరిగిన మోతాదులో అడుగుకి వచ్చేసరికి ఏమవుతుంది? ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు. అందుకే ఎదురొచ్చిన ఆయా పలకరిస్తే ఏం బదులు చెప్పిందో తనకే తెలియలేదు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. విన్నది విన్నట్టు బుర్రలో పెట్టుకునే రకం. మొత్తం విని కలం పక్కన పెట్టింది.

"నేనూ అదే ఆలోచిస్తున్నాను అక్కా. ఈ మందు ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది, ఒక పూట తప్పితే ఫిట్స్ రావు. వారాల తరబడి తక్కువ అంది, తరువాత ఎక్కువ అందుతూ ఉండి ఉండాలి. రక్తంలో ఎంతుందో చూద్దాం. రేపటికి తెలుస్తుంది. అందాకా పిల్ల వార్డులోనే ఉంటుంది, పాత మోతాదే నర్సు చేతి మీదుగా ఇద్దాం. పెంచిన సీసా మాత్రం బయటికి పంపకండి."

"మరి సీసా సంగతి?"

"రక్తం సంగతి నేను చూస్తాను, సీసా సంగతి మీరు చూడండి."

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. కానీ గుమ్మిడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మందులక్క ఆ మాటను భుజాన వేసుకుని వచ్చింది.

గదికి వచ్చి చూడాల్సినవన్నీ చూసింది. త్రాసు రెండు పళ్ళాలూ తుడిచి, రాళ్ళు వేసి, ముల్లు నిలిచేదాకా కళ్ళార్పకుండా నిలబడింది. త్రాసు బాగుంది. ఖాళీ మాత్రల రేకులు తిప్పి మోతాదు అంకె చదివింది. అదీ బాగుంది. కొలగ్లాసులో నీళ్ళు పోసి గీతకు కన్ను ఆనించి చూసింది. పాకం వేలికి రాసి సాగదీసింది. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. ఏదో ఒకటి తప్పుంటే బాగుండునని మనిషి కోరుకునే సందర్భాలు తక్కువ. ఆమెకు ఆ పూట అలాంటిదే. తప్పు త్రాసులో దొరికితే త్రాసు మార్చవచ్చు, చేతిని ఎక్కడికి పంపి మార్చుకు రావాలి? డ్యూటీ దిగి ఇంటికి వచ్చాక కూడా అదే ధ్యాస. సీసాలు లేని బల్ల సర్దింది. మడిచిన బట్టలు విప్పి మళ్ళీ మడిచింది. పొయ్యి మీద టీ పెట్టి మరిచిపోయి, అది పొంగి పొయ్యి ఆరిపోయాక గాని ఈ లోకంలోకి రాలేదు.

"కాలుగాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరగడం?" అంది అత్తగారు మంచం మీంచి. "నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. అసలే ముసలిదాన్ని."

అత్తగారికి చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. ఆ కోడలికి ఈ మందుతో మొదటి పరిచయం చేసింది కూడా ఆవిడే.

మందులక్క పెళ్ళై ఆ ఇంటికి వచ్చేనాటికి అత్తగారు రాత్రి మాత్ర వేసుకుంటే గాని కన్ను మూసేది కాదు. మామగారు పోయిన కొత్తలో నిద్ర కోసం రాసిచ్చినవి. ఆ రోజుల్లో ఈ జాతి మాత్రలను నిద్ర పట్టకపోతే రాసేవారు, గాబరాకి రాసేవారు, ఆపరేషనుకు ముందు బెదురు తగ్గడానికీ రాసేవారు. ఒంటికి అలవాటు పడే మందు. ఒకటి ఒకటిన్నరైంది, ఒకటిన్నర రెండైంది. ఒక రోజు చుట్టాలావిడ ఎవరో 'మత్తుబిళ్ళల మనిషి' అన్నదని రోషం వచ్చి, అత్తగారు బిళ్ళలన్నీ తీసుకెళ్ళి మురిక్కాలవలో పోసేసింది. పౌరుషం బాగానే ఉంది, ఒళ్ళే ఒప్పుకోలేదు. చేతులు వణికాయి, నిద్ర పూర్తిగా పోయింది, చివరికి పుట్టి బుద్ధెరిగి ఎరగని మూర్ఛ వచ్చి గడపలో పడింది.

అప్పటికి మందులక్క అదే ఆసుపత్రిలో ఖాళీ సీసాలు కడిగే పనిలో ఉంది. ముసలి కాంపౌండరు దగ్గర సీసాల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ మందుల పేర్లు నేర్చుకుంటోంది. డాక్టరు మాత్రలు మళ్ళీ మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రమ్మని రాశాడు. అంత సన్నటి తగ్గింపు మాత్రలు విరిస్తే రాదు. నూరి పొట్లాలు కట్టాలి. కాంపౌండరుకు శుక్లాలు. ఆయన కల్వాన్ని సీసాలు కడిగే అమ్మాయి ముందుకు జరిపాడు. "నా కళ్ళు పోయాయి, చెయ్యి నీది. ఒక్కటే మాట. మీ అత్త మీద కోపం ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు, పని ఇంకొకళ్ళకు ఇస్తాను" అన్నాడు. కోపం ఉంది. అయినా పొట్లాలు కొలత తప్పలేదు. నెలల తరబడి తగ్గుతూ తగ్గుతూ వచ్చి, చివరి పొట్లం వేసుకున్న రోజు అత్తగారు "ఇంత తెలివైనదానివి, ఇంట్లో మాత్రం కనపడనివ్వవు" అంది. అంతకు మించిన మెప్పు ఆవిడ నోట ఇంతవరకూ రాలేదు. సీసాలు కడిగే అమ్మాయి తరువాత చదివింది, పరీక్ష రాసింది, ఆ బల్ల దగ్గర కూర్చుంది. అది వేరే కథ.

ఇప్పుడు అత్తగారు విషయమంతా రాబట్టింది. రాబట్టి, కాసేపు దవడలు ఆడించి, "అయితే నీ చెయ్యే తప్పిందంటావు" అంది.

"ఇంకేముంటుంది?"

"నా పొట్లాలు నువ్వు కట్టేదానివి, నీ కళ్ళెదురుగా నేను మింగేదాన్ని. మింగానో లేదో నోరు తెరిపించి మరీ చూసేదానివి, దొంగను పట్టినట్టు. ఆ పిల్ల నోట్లో ఎవరు పోస్తున్నారో, ఎలా పోస్తున్నారో చూశావా?"

మందులక్క చెప్పులు వేసుకుంది. ఆరిన పొయ్యి అలాగే ఉంది.

పిచ్చుక వాళ్ళ ఇల్లు ఒక ఇరుకు సందులో ఉంది. ఇంటి ముందు గదే తాతకు పనిచోటు. ఆయన కొయ్యసామానుకు పాలిష్ పెట్టే మేస్త్రీ. గుమ్మంలోకి రాకముందే స్పిరిట్ వాసన, లక్క వాసన. లోపల నాలుగు కాళ్ళూ పైకెత్తి పడుకున్న బల్లలు, వీపులు విరిగిన కుర్చీలు, గోడ అలమరలో వరసగా మూతలు బిగించిన సీసాలు. మేస్త్రీ ఒక పెద్ద బల్లపలక మీద గుడ్డఉండతో సున్నాలు చుడుతున్నాడు. చెయ్యి పలక మీద ఆగదు. ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. మందులక్కకు ఆ సంగతి తెలియదు గానీ, మధ్యలో ఆపకూడని పని అని చూస్తే తెలిసింది. గుమ్మంలోనే నిలబడింది. లోపలి ఆదుర్దాకి కాళ్ళు నిలవనంటున్నా నిలబడింది.

ఆయన ఆ అంచు దాకా లాగి, చేతిని పలక బయటికి జార్చి, అప్పుడు తల ఎత్తాడు. మందు మీద అనుమానం ఉందని కోడలు వార్డు నుంచి కబురు పంపింది కాబట్టి వచ్చినావిడ ఎవరో పోల్చుకున్నాడు.

"మందు చేసినావిడే ఇంటికి వచ్చిందంటే మందులో ఏదో ఉన్నట్టే."

"ఉందో లేదో చూద్దామనే వచ్చాను మేస్త్రీ గారూ. పాపకు మందు ఎవరు పోస్తారు?"

"నేనే. రెండు పూటలా నేనే. వీళ్ళ చేతులకు ఓ నిదానమా పాడా? కొడుకు సగం కింద పోస్తాడు, కోడలికి కార్ఖానా బస్సు మీదే కన్ను. నా చేతిలో ఇంతవరకు చుక్క నేల మీద పడలేదు."

అది గొప్ప కాదు, నిజమే అయి ఉంటుంది. ఆయన వేళ్ళు లక్క రంగుకి తిరిగి ఉన్నాయి గానీ గోళ్ళు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. రోజూ పోసినట్టే ఒక్కసారి తీసి చూపించమని అడిగింది. ఆయన సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. దేవుడి గూట్లోకి వెళ్ళినంత నెమ్మదిగా అలమర దగ్గరకు వెళ్ళాడు. పిచ్చుక మందు సీసా పై అరలో విడిగా ఉంది. దాన్ని కిందికి దింపలేదు. ఉన్నచోటనే, కుదుపు తగలకుండా ఒక చేత్తో అడుగు పట్టుకుని, రెండో చేత్తో మూత తిప్పాడు. మందు పీల్చే గొట్టాన్ని మెడలో కాస్త దింపి, ఊపిరి బిగబట్టి, గీత దాకా లాగాడు. వెలుతురుకు ఎత్తి చూపించాడు.

"చూడండి. అద్దంలా వచ్చింది."

నిజంగానే అద్దంలా ఉంది. ఆ మందు అద్దంలా ఉండకూడదు.

సీసా తను తీసుకుంటానంది. ఆయన అయిష్టంగానే ఇచ్చాడు, జాగ్రత్త, కదిలిస్తారేమో అంటూనే ఇచ్చాడు. గుమ్మం దగ్గర ఎండకు పట్టి చూస్తే, గోధుమరంగు గాజు వెనక అడుగున తెల్లగా, వేలి మందాన, మెత్తటి మట్టిలా పేరుకుని ఉంది.

"దీన్ని ఎప్పుడూ కుదపలేదా?"

మేస్త్రీ ముఖం చూస్తే ఆమె ఆయన్ను తిట్టినట్టే ఉంది. "కుదపడమేమిటమ్మా? సీసాని కుదిపినవాడు మేస్త్రీ ఎలా అవుతాడు? కుదిపితే బుడగలు లేస్తాయి. ఒక్కో బుడగ కొయ్య మీద ఒక్కో పొక్కు. లక్కను నానబెట్టి, కదలకుండా ఉంచితే, మురికి అడుక్కి దిగుతుంది. పైన తేరినది తీసి వాడాలి. నా చిన్నప్పుడు ఒకసారి కుదిపినందుకు మా గురువు చెవి మెలితిప్పాడు. ఇప్పటికీ ఆ చెవే ముందు ఎర్రబడుతుంది."

"కోడలు చెప్పలేదా?"

"చెప్పింది. సీసాల సంగతి నాకే చెప్పొచ్చిందా అనుకున్నాను. సీసా మీది చీటీలో కూడా ఉంది, చదివాను. పాలిష్ డబ్బాల మీద కంపెనీవాడు ఏవేవో అచ్చేస్తాడు. అవి చూసి పని చేసేవాడెవడు?"

"మరి అడుగుకి వచ్చాక ఏం చేసేవారు?"

"పసిదాని మందు, పారెయ్యడానికి మనసొప్పదు కదా. పైది అయిపోయాక ఆ చిక్కటిదే పోసేవాణ్ణి. అప్పటికి వేరే దారి లేదు."

ఆమె మాటలతో సరిపెట్టలేదు. రెండు గాజుగ్లాసులు అడిగి తీసుకుంది. సీసా కదపకుండా పైనుంచి కొంచెం తీసి ఒకదానిలో వేసింది. తరువాత సీసా మూత బిగించి కుదిపింది. సగానికి పైగా ఖాళీ అయిన సీసా కనుక అడుగు గడ్డ మెల్లగా విడిపోయింది. అప్పుడు రెండో గ్లాసులో వేసింది. రెండూ కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి నీళ్ళు, ఒకటి పల్చటి పాలు.

"అడుగున ఉన్నది మురికి కాదు మేస్త్రీ గారూ. మందంటే అదే. పైన తేరింది దాన్ని మోసే పాకం."

మేస్త్రీ చాలాసేపు రెండు గ్లాసులనూ చూశాడు. చేతి కింది పనిని చూసినట్టే, ముందు అటు నుంచి, తరువాత ఇటు నుంచి. ఆయన ఎడమ చెవి ఎర్రబడింది. పాలిష్ ఆరని పలక మీద చెయ్యి ఆనబోయి, చటుక్కున వెనక్కి తీసుకుని, నేల మీద కూర్చున్నాడు.

"అంటే సగం నెల పాటు పిల్లకు పాకం తాగించి, మిగతా సగం మందు మీద మందు తాగించానన్నమాట. నా చేత్తో."

మందులక్క ఆయనకు ఎదురుగా ఒక కాళ్ళు లేని కుర్చీ మీద చతికిలబడింది. ఇలాంటప్పుడు ఏమీ కాలేదులే అనడం తేలిక. ఆమె అలా అనలేదు.

"నా పాలు కూడా ఉంది. కుదపమని మీ కోడలికి చెప్పి పంపాను. తాగించేది ఎవరని అడగలేదు. పైగా ప్రతిసారీ సీసాని మెడ దాకా నింపాను. నిండు సీసా ఎవరు కుదిపినా లోపల మందు కదలదు. చోటుండాలి. చూడ్డానికి నిండుగా ఉంటుందని నింపాను."

"ఇవాళ మీరు ఇటు రాకపోతే?"

"పెంచిన మోతాదు సీసా వచ్చేది. అది అడుగుకి వచ్చేసరికి పాప ఊపిరికే ముప్పు. కానీ ఆ సీసా బయటికి రాలేదు. డాక్టరమ్మ పంపొద్దంది."

ఆయన లేచి గుడ్డఉండను అందుకున్నాడు. మళ్ళీ కింద పెట్టాడు. పని దగ్గర నిలబడి ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలో తోచని మేస్త్రీని మందులక్క అప్పుడే చూసింది. తనూ పొద్దున్నుంచి అలాగే ఉన్నానని అప్పుడు గుర్తొచ్చింది.

రక్తం ఫలితం మర్నాడు వచ్చింది. ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ. మందులక్క రెండు గ్లాసుల సంగతి చెప్పాక డాక్టరమ్మ పెంపుదల చీటీ చింపేసింది. ఇన్నాళ్ళూ తేటపాకానికి అలవాటు పడ్డ ఒంటికి ఇప్పుడు అసలు మోతాదు పడుతుంది కనుక, కొన్నాళ్ళు పిల్లను కళ్ళెదుటే ఉంచుకుని చూడాలంది. పిచ్చుక మొదట కొంచెం మగతగా ఉంది. తరువాత ఊరికే పేచీలు పెట్టి వార్డంతా హడలగొట్టింది. ఈ మందు కొందరు పిల్లల్ని తూగించడానికి బదులు చిర్రెత్తిస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి తల్లి బెదరలేదు. మానిపించేద్దామన్న తండ్రిని మందులక్క కిటికీ దగ్గరకు పిలిపించింది. తన అత్తగారి మురిక్కాలవ కథ మొత్తం చెప్పింది. ఆపాల్సి వస్తే డాక్టరమ్మ ఆపుతుంది, మెట్టు మెట్టుగా ఆపుతుంది, మేడ మీంచి దూకినట్టు కాదు అంది. ఆ మనిషి మళ్ళీ ఆ ఊసెత్తలేదు. వార్డులో ఉన్నన్నాళ్ళూ ఫిట్స్ రాలేదు.

ఇంటికి పంపే రోజు మందులక్క మళ్ళీ కల్వం ముందుకు లాక్కుంది. ఆ రోజు సగం నూరి ఆపిన పొడిని డాక్టరమ్మ ఎదురుగానే పారేసి, ఆమె చేత లెక్కపుస్తకంలో రాయించింది. ఇది కొత్త పని. పాత మోతాదే. నూరింది, పలక మీద సాపు చేసి చూసింది, గీత పడలేదు. పొడిలో చెంచాడు పాకం వేసి ముద్ద చేసింది. ఆ ముద్దను కొంచెం కొంచెంగా పలచన చేసుకుంటూ వచ్చి సీసాకెత్తింది. కల్వాన్ని పాకంతోనే కడిగి ఆ కడుగు కూడా సీసాలోనే పోసింది. కల్వానికి అంటుకుపోయింది కూడా పిల్ల మందే. సీసా మాత్రం ఒక సైజు పెద్దది తీసుకుంది. మెడ కింద బాగా ఖాళీ వదిలి, మూత బిగించింది.

కిటికీ అవతల మేస్త్రీ ఒక్కడే నిలబడి ఉన్నాడు. కోడలు వస్తానంటే వద్దన్నాడట. భుజం మీద పిచ్చుక, ఆ ఎర్రబడే చెవిని పట్టుకుని లాగుతోంది.

"ఈసారి కొలత తగ్గించారా? సీసా వెలితిగా ఉందే" అన్నాడు.

"మందు అంతే ఉంది. ఆ వెలితి మీ చేతి కోసం. కానివ్వండి."

ఆయన పిల్లను గట్టు మీద కూర్చోబెట్టి సీసా అందుకున్నాడు. ఒకసారి అటూ ఇటూ వాల్చాడు, పసిపిల్లకు జోల పాడినట్టు.

"అది ఊపడం. నేను చెప్పింది కుదపడం."

మేస్త్రీ కళ్ళు మూసుకుని కుదిపాడు. పన్ను పీకించుకునేవాడి ముఖం పెట్టి, అడుగు పైకీ, పైది అడుగుకీ తిరగేసి, చెయ్యి నొప్పి పుట్టేదాకా కుదిపాడు. ఆపి చూస్తే సీసా నిండా బుడగలు.

"మా గురువు చూస్తే రెండో చెవి కూడా పోయేది" అన్నాడు.

"పెద్ద బుడగలు పోనివ్వండి. పోగానే తియ్యండి, మందు మళ్ళీ కిందికి దిగనివ్వకుండా. అడుగున గడ్డ మిగల్లేదు కదా, తిరగేసి చూడండి. ప్రతి పూటా ఇంతే. పిల్ల లేపినా లేవకుండా తూగితే, ఊపిరి బరువుగా తీస్తే, ఆ పూట పోయకుండా వెంటనే ఇక్కడికి తీసుకురండి. దగ్గుమందైనా సరే, మాకు చెప్పకుండా ఇంకేదీ దీనితో కలపొద్దు. ఇంట్లో ఇంకెవరికీ అందని అరలో పెట్టండి."

ఆయన ప్రతిదానికీ తల ఊపి, తిరిగి తన నోటితో అప్పజెప్పాడు. తరువాత గొట్టంతో గీత దాకా లాగాడు. వెలుతురుకు ఎత్తాడు. అద్దంలా లేదు, పల్చటి పాలలా ఉంది. కిటికీకి ఆనించి చూపించాడు. మందులక్క గీత మీద కన్ను పెట్టి చూసి, సరే అంది. పిచ్చుక నోరు తెరిచింది. చుక్క కింద పడలేదు.

మేస్త్రీ మూత బిగించి, సీసాని చొక్కా జేబులో నిలువుగా దించుకుని, పిల్లను భుజానికెత్తుకున్నాడు. మందులక్క కల్వాన్ని కడిగి బోర్లించింది.